బ్యాక్‌స్ట్రోక్‌లో 15 మీటర్ల రూల్ ఎందుకు వచ్చింది?

ప్రశ్న:
మా అమ్మాయి బ్యాక్‌స్ట్రోక్ (వెల్లకిలా ఈత) ఈదుతుంది. మొన్న పోటీలో డిస్‌క్వాలిఫై చేశారు. స్టార్ట్ తర్వాత తల పైకి తేలేసరికి 15 మీటర్ల గుర్తు దాటిపోయిందట. ఇంటికొచ్చి 1988 సియోల్ ఒలింపిక్స్ 100 మీటర్ల ఫైనల్ వీడియో చూసింది. అందులో కొందరు సగం కొలను దాటాక గానీ పైకి రాలేదు! "వాళ్లకు మెడల్స్ ఇచ్చి నన్నెందుకు తీసేశారు?" అని ఒకటే ఏడుపు. ఏం చెప్పను?

జవాబు 1:
నీళ్ల అడుగున ఎక్కువసేపు ఈదితే ప్రాణభయం కూడా ఉందండి. 1956 మెల్‌బోర్న్‌లో జపాన్ ఈతగాడు మసారు ఫురుకావా 200 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్‌ను (కప్పలా కాళ్లూ చేతులూ ఆడించే ఈత) చాలావరకు నీళ్ల అడుగునే ఈది గోల్డ్ గెలిచాడు. అంతసేపు ఊపిరి బిగబట్టి ఈదితే స్పృహ తప్పే ప్రమాదం ఉంది. ఆ ఒలింపిక్స్ అయ్యాక బ్రెస్ట్‌స్ట్రోక్‌లో అలా ఈదడం ఆపించారు.

జవాబు 2:
నేను పోటీల్లో స్ట్రోక్ జడ్జిగా ఉంటాను. పిల్లలు బాగా ఈదిన రేసులో తప్పు పట్టి చెయ్యెత్తాల్సి వస్తే నాకూ మనసు బాగుండదు. పాప అడిగింది న్యాయమైన ప్రశ్న, దానికి పూర్తి జవాబు చెప్పండి.

నీటి పైన ఈదేటప్పుడు ఒంటి చుట్టూ అలలు లేస్తాయి, బలంలో కొంత వాటికే పోతుంది. కాస్త లోతుగా ఉండి డాల్ఫిన్ కిక్ (రెండు కాళ్లూ కలిపి చేప తోకలా ఊపడం) కొడితే ఆ నష్టం తగ్గుతుంది. అమెరికా ఈతగాడు డేవిడ్ బర్కాఫ్ దీన్ని బాగా పట్టుకున్నాడు. 30 మీటర్లకు పైగా అడుగునే వెళ్లేవాడు. సియోల్ హీట్స్‌లో (ఫైనల్‌కు ముందు జరిగే రౌండ్) 54.51 సెకన్లతో ప్రపంచ రికార్డు కొట్టాడు. కానీ ఫైనల్లో జపాన్‌కు చెందిన డైచి సుజుకి 55.05తో గెలిచాడు, బర్కాఫ్ 55.18. సుజుకి కూడా చాలా దూరం అడుగునే వచ్చాడు! వాళ్లు ఏ రూలూ తప్పలేదు, అప్పటికి ఈ హద్దే లేదు.

ఆ ఒలింపిక్స్ తర్వాత మొదట 10 మీటర్ల హద్దు పెట్టి, 1991లో 15కి పెంచారు. రెండు చేతులూ ఒకేసారి విసిరే బటర్‌ఫ్లైలోనూ అదే కథ. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో రష్యా ఈతగాడు డెనిస్ పంక్రతోవ్ అడుగున చాలా దూరం వెళ్లి రెండు గోల్డ్‌లు గెలిచాడు. 1998లో బటర్‌ఫ్లైకి, ఫ్రీస్టైల్‌కి కూడా 15 మీటర్లే అన్నారు.

నా మటుకు ఈ హద్దు ఉండాల్సిందే. చేతులు తిప్పకుండా సగం రేసు అయిపోతే దాన్ని బ్యాక్‌స్ట్రోక్ అని ఎలా అంటాం? అలాగని అడుగున ఈదే నేర్పును పూర్తిగా తీసేయలేదు. ఆ 15 మీటర్లు పాప సొంతం, అక్కడే రేసు గెలవొచ్చు.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అండి. టర్న్ (గోడ దగ్గర వెనక్కి తిరగడం) తర్వాత కూడా ఇదే లెక్కా? బ్రెస్ట్‌స్ట్రోక్‌కి కూడానా?

జవాబు 2:
బ్యాక్‌స్ట్రోక్‌లో ప్రతి టర్న్ తర్వాతా ఇదే లెక్క. బ్రెస్ట్‌స్ట్రోక్‌లో మాత్రం దూరం కొలవరు, అడుగున ఎన్నిసార్లు చేతులు లాగారు, ఎన్ని కిక్‌లు కొట్టారు అని చూస్తారు. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో జపాన్ బ్రెస్ట్‌స్ట్రోక్ ఈతగాడు కొసుకే కిటజిమా డాల్ఫిన్ కిక్ కొట్టాడని పెద్ద గొడవైంది. మరుసటి ఏడాది స్టార్ట్‌కి ఒకటి, టర్న్‌కి ఒకటి చొప్పున ఆ కిక్‌ను ఒప్పుకున్నారు.

పాపతో ప్రాక్టీస్‌లో గోడ దగ్గర నుంచి కిక్‌లు లెక్కపెట్టించండి. ఎన్ని కిక్‌లకు 12 మీటర్లు వస్తుందో తెలిస్తే అక్కడి నుంచి పైకి లేవడం మొదలుపెడుతుంది. పోటీ రోజున టెన్షన్‌లో గుర్తు కనిపించకపోయినా లెక్క తప్పదు.