"శవం లేచింది" అంటే జాంబీ వచ్చినట్టా?

మొన్న శనివారం ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సెకండ్ షోకి వెళ్ళాను. తెలుగులోకి డబ్ చేసిన జాంబీ సినిమా. హారర్ సినిమా వచ్చిందంటే మొదటి వారంలోనే చూసేస్తాను. ఇది మాత్రం బాగా నిరాశపరిచింది. మేకప్ అతుకులు కనిపిస్తున్నాయి, పరుగులే తప్ప కథ లేదు. అవన్నీ వదిలేయండి. నా బాధంతా ఒక డైలాగు గురించి.

ఆస్పత్రి మార్చురీ. తెల్లగుడ్డ కింద చెయ్యి మెల్లగా కదిలింది. హాల్లో చప్పుడు లేదు. కాపలావాడు బయటికి పరుగెత్తి "శవం లేచింది! శవం లేచింది!" అని అరిచాడు. వెనక వరసలో ఎవరో నవ్వారు, క్షణంలో హాలంతా నవ్వింది. అప్పటిదాకా పెంచిన టెన్షన్ అంతా ఆ ఒక్క మాటతో పోయింది.

నవ్విన వాళ్ళ తప్పేమీ లేదు. మన భాషలో శవం లేవడమంటే పాడె ఎత్తడం, చివరి ప్రయాణం మొదలవడం. "పీనుగ ఎప్పుడు లేస్తుంది?" అని కనుక్కుంటాం. లేచేదాకా ఆ ఇంట్లో పొయ్యి వెలిగించరు. మా తాతయ్య పోయిన రోజు తార్నాకలో మా ఇంటి గేటు దగ్గర ఈ ప్రశ్న ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఊరి నుంచి బయల్దేరిన చుట్టాలు దారిలోంచి ఫోన్ చేసి ముందు అడిగింది అదే. చివరిచూపు అందదేమోనన్న ఆత్రం తప్ప అందులో భయం లేదు.

అక్కడి నుంచి సినిమా అంతా జాంబీలను 'దయ్యాలు' అన్నారు. అది ఇంకా పెద్ద పొరపాటు. దయ్యమంటే ఒళ్ళు పోయి మనిషి మిగలడం. దానికి పేరుంటుంది, పగ ఉంటుంది, తీరని కోరిక ఉంటుంది. అందుకే భూతవైద్యుడు "ఎవరు నువ్వు? ఏం కావాలి?" అని అడుగుతాడు. జాంబీ అంటే మనిషి పోయి ఒళ్ళు మిగలడం. అడిగితే జవాబు చెప్పడానికి లోపల ఎవరూ లేరు. అమ్మ మొహంతో మీదికి వచ్చేది అమ్మ కాదు. ఈ జాతి సినిమాల్లో భయమంతా అక్కడే ఉంది. దయ్యం అన్నారంటే మనం దాని పగేమిటా అని ఎదురుచూస్తూ కూర్చుంటాం.

బేతాళుడు అనొచ్చు కదా అని మా తమ్ముడు అన్నాడు. శవంలో ఉండే మాట నిజమే గానీ, ఆయన విక్రమార్కుడికి ఇరవై అయిదు కథలు చెప్పాడు, చిక్కుప్రశ్నలు వేశాడు. జాంబీ నోట ఒక్క మాట రాదు. జీవచ్ఛవం అందామంటే అది బతికుండీ చచ్చినట్టు ఉండటం.

అసలు జాంబీ కరీబియన్ దేశం హైతీ నుంచి వచ్చిన మాట. అక్కడ చెరకు తోటల్లో బానిసలుగా బతికిన ఆఫ్రికన్ల భయం అందులో ఉంది: చచ్చాక కూడా చాకిరీ తప్పదేమో అని. మనుషుల్ని తినే గుంపుగా అది స్థిరపడింది 1968లో రొమెరో తీసిన 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్'తో. విచిత్రమేమిటంటే ఆ సినిమాలో జాంబీ అన్న మాటే వినపడదు, అరబ్బీ నుంచి వచ్చిన 'ఘూల్' (శవాలు తినే పిశాచం) అంటారు. పేరు తర్వాత అతుక్కుంది. మనకూ 2021లో 'జాంబీ రెడ్డి' సినిమా వచ్చాక ఈ మాటకు అర్థం చెప్పాల్సిన పని లేకుండా పోయింది. జాంబీని జాంబీ అనే ఉంచాలని నా అభిప్రాయం.

వ్యాఖ్య: జాంబీ సరేనండీ. ఆ కాపలావాడికి జాంబీ అంటే తెలియదుగా, కళ్ళతో చూసింది అరవాలి. మరి ఏమనాలంటారు? "శవం కదిలింది" అనా?

జవాబు: అదీ బాగుందండీ, నవ్వు రాదు. కానీ కదలడం చిన్నమాట.

వ్యాఖ్య: అన్నా, మా ఊళ్ళో చితి మీద శవం "లేచి కూర్చుంది" అని చెప్పుకునేవాళ్ళు. మంట వేడికి కండరాలు బిగుసుకుని ఒళ్ళు వంగుతుందని పెద్దయ్యాక తెలిసింది. చిన్నప్పుడు మాత్రం ఆ మాట విన్న రాత్రి నిద్రపట్టేది కాదు.

జవాబు: ఇదే కావాల్సింది తమ్ముడూ! 'లేచింది' పక్కన 'కూర్చుంది' చేరగానే పాడె, చావు ఇల్లు అన్నీ పక్కకు పోయాయి. కాపలావాడు "లేచి కూర్చుంది" అని, అరవకుండా, గొంతు పెగలక అని ఉంటే ఆ హాల్లో ఎవరూ నవ్వేవాళ్ళు కాదు.