ఎనిమిది గంటల విరామానికి చాంగీ మేలా, దుబాయ్ మేలా?

వచ్చే నెలలో డెబ్బై రెండేళ్ల మా అమ్మతో సుదూర ప్రయాణం చేయవలసి ఉంది. మధ్యలో సుమారు ఎనిమిది గంటలు ఆగడానికి సింగపూర్ చాంగీ, దుబాయ్ విమానాశ్రయాలలో ఒకదాన్ని ఎంచుకోవాలి. టికెట్టు ధరలో తేడా స్వల్పమే కనుక, అక్కడ పడే నడక, అయ్యే ఖర్చు తెలిస్తే చాలు.

కిందటిసారి మరొక పెద్ద విమానాశ్రయంలో గేటు దాకా నడవలేక, అమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని స్తంభం పక్కన నేల మీదే కూర్చుండిపోయింది. ముందుగా కోరిన చక్రాల కుర్చీ వచ్చేసరికి బోర్డింగు సగం అయిపోయింది. అందుకే ఈ జాగ్రత్త.

చాంగీలో మొదటి మూడు టెర్మినళ్ల మధ్య స్కైట్రెయిన్ అనే చిన్న రైలు ఉచితంగా తిరుగుతుందని, 40 మీటర్ల జలపాతం ఉన్న జ్యుయెల్ అనే వాణిజ్య సముదాయం చూడాలంటే మాత్రం ఇమిగ్రేషన్ దాటి బయటికి రావాలని తెలుసుకున్నాను. (అమ్మకు ఆ జలపాతం కన్నా కాసేపు కునుకే ముఖ్యమనుకోండి.) దుబాయ్‌లో 2వ టెర్మినల్ మిగతా రెంటికీ దూరంగా, విమానాశ్రయానికి అవతలి వైపున ఉంటుంది కాబట్టి, ఆ టెర్మినల్‌కు గాని, అక్కడి నుంచి గాని మారవలసి వస్తే బస్సు ప్రయాణం తప్పదు.

రెండు చోట్లా లోపలే ఉన్న ట్రాన్సిట్ హోటళ్లలో గంటల లెక్కన గది తీసుకోవడం లాభమా, లేక భోజనం కూడా కలిసివచ్చే లాంజ్‌కు రుసుము కట్టడం లాభమా? చక్రాల కుర్చీలో తీసుకెళ్లే సిబ్బంది విరామమంతా అందుబాటులో ఉంటారా, లేక ఒకచోట దింపేసి వెళ్లిపోతారా? పెద్దవారితో ఈ మధ్య వెళ్లివచ్చినవారు దయచేసి తెలియజేయగలరు.