కవలల్ని చెరో సెక్షన్‌లో వేయడం మంచిదేనా?

కవలల అమ్మ:
మా కవల ఆడపిల్లలకు ఆరేళ్లు, ఇద్దరూ అచ్చుగుద్దినట్టు ఉంటారు. వచ్చే ఏడాది చెరో సెక్షన్‌లో వేస్తామని బడివాళ్లు అంటున్నారు. "ఒకరికి దెబ్బ తగిలితే రెండోవాళ్లకి నొప్పి పుడుతుందంటారు, వాళ్లని విడదీస్తారా?" అని మా అత్తయ్య బాధపడుతున్నారు. నాకూ టెన్షన్‌గానే ఉంది. మీరేమంటారు?

పంతులమ్మ:
వేరు చేయడమే మంచిదండీ. నా క్లాసులో ఇలాగే ఇద్దరు ఉండేవారు. చిన్నదాన్ని ప్రశ్న అడిగితే అక్క మొహంలోకి చూసేది, జవాబు అక్కే చెప్పేసేది. పక్క సెక్షన్‌కి మార్చాక రెండు నెలలకి తనే చెయ్యెత్తడం మొదలుపెట్టింది.

కవలల్లో ఒకడిని:
ముందు ఆ నొప్పి మాట పిల్లల ముందు అననివ్వకండి. మా తొమ్మిదో ఏట తమ్ముడు మెట్ల మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఆ టైమ్‌లో నేను పక్కింట్లో క్యారమ్స్ ఆడుకుంటున్నా. "నీకేం అనిపించలేదా?" అని చూడ్డానికి వచ్చినవాళ్లంతా నన్నే అడిగారు. ఆ రాత్రి నొప్పి వస్తుందేమోనని నా చెయ్యి నేనే నొక్కి నొక్కి చూసుకున్నా. రాలేదు. వాడంటే నాకు ప్రేమ లేదేమోనని ఏడ్చాను. సినిమాల్లో ముచ్చటగా కనిపించే ఆ సీను నిజం కవలల మీద ఇంత బరువు పెడుతుంది.

ఒకే అండం నుంచి పుట్టినా మా వేలిముద్రలు కలవవు, అవి కడుపులో ఉన్నప్పుడే వేరుగా ఏర్పడతాయి. భారతంలో నకుల సహదేవుల్ని ఎప్పుడూ జంటగానే తలుచుకుంటాం. విరాటుడి కొలువులో మాత్రం నకులుడు గుర్రాల్ని చూసుకున్నాడు, సహదేవుడు ఆవుల్ని.

అలాగని విడదీయమని కాదు. మమ్మల్ని ఒక్కమాట అడక్కుండా విడదీశారు. ఆ ఏడాదంతా ఇంటర్వెల్ బెల్లు కోసమే ఎదురుచూశాను.

చదువరి:
బ్రిటన్‌లోనూ కెనడాలోని క్యూబెక్‌లోనూ 7 నుంచి 16 ఏళ్ల కవలల్ని పరిశీలించిన అధ్యయనం 2018లో వచ్చింది. కలిపి ఉంచినా వేరు చేసినా చదువులో సగటున చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం 2005లోనే ఈ విషయంలో తల్లిదండ్రుల మాటకు విలువిస్తూ చట్టం చేసింది. బడి అందరికీ ఒకే రూలు పెట్టడం తప్పనే నా అభిప్రాయం.

పంతులమ్మ:
సగటున తేడా లేకపోవచ్చు. నా క్లాసులో ఆ చిన్నదానికి ఉంది. ఆరేళ్ల పిల్లల్ని అడిగితే ఎవరైనా కలిసే ఉంటామంటారు.

కవలల్లో ఒకడిని:
ఇద్దర్నీ ఒకేచోట కూర్చోబెట్టి అడిగితే అంతే మేడమ్, ముందు నోరు తెరిచినవాళ్ల జవాబే ఇద్దరిదీ అవుతుంది. అమ్మగారూ, విడివిడిగా అడిగి చూడండి.

కవలల అమ్మ:
నిన్న రాత్రి అడిగాను. పెద్దది వెంటనే కలిసే ఉంటామంది. చిన్నది చాలాసేపు దుప్పటి అంచు మెలిపెడుతూ కూర్చుని, "అక్కకి చెప్పనంటే చెప్తా" అంది.