అప్‌డేట్: ఫ్లోర్ హీటింగ్ ఫ్లాట్‌కు ఏ హీట్ మీటర్? సమస్య తీరింది

జర్మనీలోని లైప్‌జిగ్‌లో, నేల కింద పైపుల్లో వేడి నీళ్లు తిరిగే ఫ్లోర్ హీటింగ్ ఉన్న మా ఫ్లాట్‌కు పక్కింటికంటే హీటింగ్ బిల్లు బాగా ఎక్కువ వస్తోందని, మీటర్ మార్చాలంటే ఏది తీసుకోవాలని అడిగింది నేనే. సలహా చెప్పిన అందరికీ చాలా థ్యాంక్స్.

"ముందు మీటర్‌కు ఉన్న రెండు టెంపరేచర్ సెన్సార్లు చూపించండి" అన్నారు ఒకరు. అదే నిజమైంది. హీటింగ్ మెకానిక్ వచ్చి బాక్స్ తెరిస్తే, రిటర్న్ పైపు (నీళ్లు తిరిగి వెళ్లే పైపు) సెన్సార్ దాని ఇత్తడి గొట్టంలోంచి ఊడి గాలిలో వేలాడుతోంది. నీళ్ల ప్రవాహాన్ని వచ్చే పోయే నీళ్ల వేడి తేడాతో గుణించి, ఎంత వేడి వాడామో లెక్కగట్టేదే ఈ మీటర్. పైపు బయటి గాలి నీళ్లకంటే చల్లగా ఉండటంతో తేడా ఎక్కువని చూపించి, వాడని వేడికి కూడా లెక్క వేసింది. ఇన్నాళ్లూ పిల్లల గదిలో హీటింగ్ తగ్గించుకుంటూ వచ్చాం, అదే బాధ.

మీటర్ గడువు ఎలాగూ ఈ ఏడాదితో అయిపోతోంది (జర్మనీలో 6 ఏళ్లు), కాబట్టి కొత్తది పెట్టించాం. తిరిగే చక్రం లేకుండా శబ్ద తరంగాలతో ప్రవాహాన్ని కొలిచే అల్ట్రాసోనిక్‌దే తీసుకున్నాం, నీళ్లలో నల్లటి మడ్డి వచ్చినా ఇరుక్కునే భాగం ఉండదని. సైజు మాత్రం లెక్కవేసి తీసుకోండి. మాకు గట్టి చలిలో 4 కిలోవాట్లు కావాలి, వేడి తేడా 8 డిగ్రీలు. అంటే గంటకు దాదాపు 430 లీటర్లు. అందుకే గంటకు 1,500 లీటర్ల ప్రవాహానికి చేసిన మీటర్ వద్దని 600 లీటర్లది పెట్టారు. దూరం నుంచి రీడింగ్ తీసే సౌకర్యం కొత్త మీటర్లకు ఇక్కడ ఎలాగూ తప్పనిసరి.

బిల్లు పెరగడానికి పైపుల్లో గాలి, పంపు స్పీడు కారణమా అని నా పాత పోస్టు కింద మనం చేసిన చర్చకు దీనితో సంబంధం లేదని తేలింది. రేడియేటర్లకు అతికించే చిన్న మీటర్లు ఫ్లోర్ హీటింగ్‌కు పనికిరావు. పాత బిల్లు సరిచేయమని ఫొటోలతో ఉత్తరం రాశాం.