విదేశీ జెండా ఓడలోంచి ఆడపిల్లని దించేస్తామంటే ఎవరిని పట్టుకోవాలి?

కావలి తీరం:
మా ఊరి అమ్మాయి పనామా జెండా బొగ్గు ఓడలో థర్డ్ ఆఫీసర్. యజమాని గ్రీసు కంపెనీ, పంపింది చెన్నై ఏజెన్సీ. ఆరు నెలల కాంట్రాక్టులో మూడో నెలకే "డెక్ మీద ఆడవాళ్లతో కుదరదు, కృష్ణపట్నంలో దిగిపో" అంటున్నాడంట కెప్టెన్. నెల్లూరు లేబర్ ఆఫీసుకు పోవాలా? రాజ్యాంగం 16వ అధికరణ పనికొస్తుందా?

లంగరు:
16వ అధికరణ ప్రభుత్వ ఉద్యోగాలకే అన్నా. ఇక్కడ ముందు చూడాల్సింది జెండా. 1982 సముద్ర చట్ట ఒప్పందం 94వ అధికరణ ప్రకారం సిబ్బంది పని పరిస్థితులు చూడాల్సిన బాధ్యత జెండా దేశానిది, అంటే ఓడ రిజిస్టరైన దేశానిది. అట్లని మన రేవులో దారి లేకపోలేదు. 2006 సముద్ర కార్మిక ఒప్పందం 3వ అధికరణ ఉద్యోగంలో వివక్ష ఉండకూడదంటుంది. పనామా, గ్రీసు, మన దేశం మూడూ దాన్ని ఒప్పుకున్నాయి, మనం 2015లో.

ఓడ రేవుకి రాకముందే ఆమె ఓడలోని ఫిర్యాదు పద్ధతి ప్రకారం రాసివ్వాలి. ఆ పద్ధతి కాపీ అగ్రిమెంటుతోపాటు ఆమెకు ఇచ్చుండాలి. కెప్టెన్ మీదే ఫిర్యాదు కాబట్టి బయటి అధికారులకు నేరుగా కూడా రాయొచ్చు. రేవులో నౌకా తనిఖీ అధికారికి ఇస్తే ఆమె పేరు బయటపెట్టకూడదు. ఓడలో ముందు అడిగారా లేదా అని ఆయన చూస్తాడు, అందుకే తేదీ వేసిన కాపీ చేతిలో ఉండాలి.

అసలు దెబ్బ తగిలేది సంతకం దగ్గర. "సొంత కోరికపై దిగుతున్నాను" అన్న కాగితం ముందు పెడతారు. దయచేసి సంతకం పెట్టనివ్వొద్దు. పెడితే తీసేశారనే మాటే నిలవదు, ఇంటికొచ్చే టికెట్ ఖర్చు కూడా ఆమె మీదేస్తారు. తప్పక పెట్టాల్సి వస్తే "కెప్టెన్ ఆదేశంతో, నా ఇష్టం లేకుండా" అని పక్కన రాసి ఫోటో తీసుకోమనండి. నోటీసు గడువు కూడా అగ్రిమెంటులో చూడండి. 2006 ఒప్పందం ప్రకారం 7 రోజులకు తగ్గకూడదు.

చుక్కాని:
ఏజెన్సీని వదలొద్దు. దాని లైసెన్సు డీజీ షిప్పింగ్ (కేంద్ర ప్రభుత్వ నౌకాయాన విభాగం) ఇచ్చేది, ఫిర్యాదు అక్కడికీ పెట్టండి. అర్హత ఉన్నవాళ్లకు పని దొరక్కుండా బ్లాక్‌లిస్టు నడపడం నిషేధం. సర్వీసు రికార్డులో పనితీరు గురించి ఒక్క మాట రాయకూడదు. రాస్తే అదీ ఫిర్యాదులో చేర్చండి. లైంగిక వేధింపు కూడా ఉంటే దానికి 2013 చట్టం వేరే ఉంది, 3 నెలల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి.

కావలి తీరం:
అగ్రిమెంటులో తగాదాలన్నీ పనామా కోర్టులోనే అని ఉందన్నా.

లంగరు:
అది దావాకు సంబంధించిన షరతు. తనిఖీ అధికారికి ఫిర్యాదు చేసే హక్కును అది ఆపలేదు. కాకపోతే బొగ్గు దించి ఓడ బెర్తు (రేవులో ఓడ నిలిపే చోటు) వదిలిందంటే ఆయన చేయగలిగేది తక్కువ. అందుకే బెర్తుకి రాకముందే ఫిర్యాదు, అగ్రిమెంటు కాపీ ఈమెయిల్ చేయించండి.