తొమ్మిదో తరగతి పిల్లలకు మీడియా గురించి ఎక్కడి నుంచి మొదలుపెట్టి చెప్పాలి?

ప్రశ్న: సోషల్ ఉపాధ్యాయుడు, ఉద్దానం, శ్రీకాకుళం జిల్లా

అందరికీ నమస్కారం. నేను ఉద్దానంలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సోషల్ చెబుతున్నాను. ఈ ఏడాది తొమ్మిదో తరగతి వారికి శనివారం ఒక పీరియడ్ చొప్పున పత్రికలు, టీవీ, యూట్యూబ్, వాట్సాప్‌ల గురించి చెప్పడానికి మా హెచ్.ఎం. గారు ఒప్పుకున్నారు. ఎన్‌సీఈఆర్టీ వారి పాత ఏడో తరగతి పుస్తకంలో మీడియా మీద ఒక పాఠం, ప్రకటనల మీద మరో పాఠం ఉండేవి. అవి బాగానే ఉన్నాయి గాని ఏడాది పొడవునా నడపడానికి చాలవు.

మిగతా చోట్ల దొరికే సామగ్రి అంతా అబద్ధపు వార్తలను పట్టుకోవడం గురించే. దాని అవసరాన్ని నేను కాదనను. 2018లో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వాట్సాప్ పుకార్లకు దేశంలో ఎందరో అమాయకులు బలయ్యాకే, మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్లకు మించి ఫార్వర్డ్ చేయకుండా ఆ సంస్థ పరిమితి పెట్టింది. అయితే మొన్న మా తరగతిలో ఒక అమ్మాయి, “పేపర్లో మన ఊళ్ల పేర్లొస్తే కిడ్నీ జబ్బో తుపానో ఉంటాది గానీ ఇంకేటీ ఉండదేటండి మాస్టారూ?” అని అడిగింది. ఆ వార్తల్లో అబద్ధం ఒక్కటీ లేదు. నిజమా అబద్ధమా అని జల్లెడ పట్టడం మాత్రమే నేర్పితే ఈ పిల్లకు నేను జవాబు చెప్పలేను. ఎక్కడ మొదలుపెట్టమంటారు? తరగతిలోకి ఫోన్లు తేనివ్వం, అది కూడా గమనించగలరు.

జవాబు: తెలుగు ఉపాధ్యాయురాలు, బొబ్బిలి

మాస్టారూ, ఆ అమ్మాయి అడిగిన దానితోనే మొదలుపెట్టండి. గ్రంథాలయం నుంచో, పేపరు వేయించుకునే ఇళ్ల నుంచో ఒక నెల జిల్లా పేజీలు పోగుచేయించి, ఏ ఊరి పేరు ఏ సందర్భంలో వచ్చింది, వార్తలో మాట్లాడింది అధికారా, నాయకుడా, ఆ ఊరివాళ్లా, ఫొటోలో ఎవరున్నారు అన్నవి పిల్లల చేతనే రాయించండి. దీనికి ఫోను అక్కర్లేదు. మీడియా స్టడీస్ పదో తరగతి స్థాయిలో పరీక్ష సబ్జెక్టుగా ఉన్న ఇంగ్లండులో దాన్ని మీడియా భాష, చిత్రణ, పరిశ్రమ, ప్రేక్షకులు అనే నాలుగు వైపుల నుంచి చెబుతారు. మీ విద్యార్థిని అడిగింది చిత్రణ గురించి, అంటే ఎవరిని, ఏ ఊరిని ఎలా చూపిస్తున్నారన్న దాని గురించి.

మా తరగతిలో బొబ్బిలి వీణ ఫొటోలు కత్తిరించి అట్ట మీద అంటించాం. ప్రముఖులకు వీణ బహూకరించే ఫొటోలే వాటిలో ఎక్కువ. కింద ఇచ్చినవారి పేరు, పుచ్చుకున్నవారి పేరు ఉన్నాయి గాని, పనస దుంగను తొలిచి ఆ వీణను చేసిన గొల్లపల్లి కళాకారుడి పేరు ఒక్కదాని కిందా లేదు. అది నేను చెప్పకముందే వెనక బెంచీ పిల్లవాడు కనిపెట్టాడు, ఎందుకంటే వాళ్ల మేనమామ ఆ పనే చేస్తాడు.

జవాబు: పూర్వ ఉపసంపాదకుడు, శ్రీకాకుళం

మేడం గారు చెప్పింది సరైన దారి. పిల్లలు లెక్క తేల్చిన తరువాత ‘ఎందుకిలా?’ అని అడుగుతారు, అప్పుడు వారికి డెస్కు పని ఎలా జరుగుతుందో చెప్పాలి. పేజీలో ముందు ప్రకటనలకు చోటు కేటాయిస్తాం, మిగిలిన జాగాలోనే వార్తలు సర్దుతాం. మండల విలేకరుల్లో చాలామందికి నెల జీతం ఉండదు. ప్రచురితమైన వార్తకు కొంత ముడుతుంది, పైగా ప్రకటనలు తేవలసిన బాధ్యత ఉంటుంది. 1974లో విశాఖలో మొదలైన ఈనాడు 1989లో జిల్లా అనుబంధాలు తెచ్చాక మన పల్లెల వార్తలు విరివిగా అచ్చయ్యాయి, కానీ పలాస వార్త పలాస వారికే, రాజాం వార్త రాజాం వారికే పరిమితమయ్యే పద్ధతి కూడా దానితోనే బలపడింది.

మీకు చేతికందిన ఉదాహరణ తిత్లీ తుపాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున అది పలాస దగ్గర తీరం దాటి, కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చినప్పుడు కరెంటు పోయింది, ఫోన్ సిగ్నల్ పోయింది, చెట్లు పడి దారులు మూసుకుపోయాయి. అందరికంటే ఎక్కువ దెబ్బతిన్న ఊళ్ల నుంచే కబురు అందరికంటే ఆలస్యంగా వచ్చింది. ఆనాటి పత్రికలు ముందు పెట్టి, ఇళ్లలో పెద్దలను అడిగి రమ్మంటే, మొదటి మూడు రోజుల వార్తల్లో తమ ఊరు ఎక్కడుందో పిల్లలే వెతుక్కుంటారు.

ఒక విన్నపం. పత్రికలన్నీ అమ్ముడుపోయాయన్న అభిప్రాయంతో పిల్లలు బయటికి రాకూడదు. ఉద్దానం కిడ్నీ వ్యాధి గురించి ఏళ్ల తరబడి రాసినవారు లేకుంటే, 2023 డిసెంబరులో పలాసలో ప్రారంభమైన ఆసుపత్రి, పరిశోధన కేంద్రం వరకు వ్యవహారం వచ్చేదని నేననుకోను. ఆ పిల్ల బాధా న్యాయమే, ఆ వార్తల అవసరమూ నిజమే. ఈ రెండింటినీ తరగతిలో కలిపి ఉంచడమే కష్టం.

జవాబు: ఒక విద్యార్థి తల్లి, విజయనగరం

సినిమాలనూ వదలకండి. మన యాసను హాస్యపాత్రలకూ పనివాళ్లకూ అంటగట్టడం చూసి చూసి, మా అబ్బాయి మైకు ముందు నిలబడితే యాస మార్చేస్తున్నాడు. గిడుగు వారు, గురజాడ వారు పుట్టిన ప్రాంతం ఇది. పిల్లలు తయారుచేసే వార్తలను వారి మాటల్లోనే చదవనివ్వండి.

ప్రశ్న వేసినవారు:

అందరికీ కృతజ్ఞతలు. మొదట జిల్లా పేజీల లెక్క, తరువాత తిత్లీ అనుకుంటున్నాను. ఒక సందేహం మిగిలింది. తమ ఊరి గురించి తామే ఒక గోడపత్రిక తేవాలని పిల్లలు పట్టుబడుతున్నారు. డయాలసిస్ చేయించుకుంటున్నవారిని పలకరించి రాస్తామంటున్నారు. పంపవచ్చునా సర్?

జవాబు: పూర్వ ఉపసంపాదకుడు, శ్రీకాకుళం

మొదటి సంచికకు వద్దు. రోగి మంచం దగ్గరికి వెళ్లి అడగడం పెద్ద విలేకరులకే చేతకాని పని. జీడిపిక్కలు ఒలిచే ఆడవాళ్లతో, వలస నుంచి పండక్కి వచ్చినవారితో మాట్లాడించండి. తరువాత ఎవరైనా రోగి తమంతట తామే చెబుతామంటే, రాసింది ముందు వారికి చదివి వినిపించి, పేరు వేయాలో వద్దో వారినే అడిగి, ఫొటో లేకుండా వేయండి.