మూసి ఉంచిన గదిలో గాలిని మీ వైపు ఏమంటారు?

అందరికీ నమస్కారం. ఒక కథ రాస్తూ ఓ మాట దగ్గర ఆగిపోయాను. వానాకాలమంతా తాళం వేసి ఉన్న పెంకుటింటి గది. తలుపు తీయగానే ముఖానికి కొట్టే ఆ బరువైన గాలిని ఏమనాలి?

‘ఉక్కపోత’ అంటే చెమటే గుర్తొస్తుంది. గాలిలో తేమ ఎక్కువై ఒంటి మీద చెమట ఆరకపోతే పడే బాధ అది. మే నెలలో విజయవాడలో ఆరుబయట నిలబడ్డా ఉక్కే. తెలంగాణలో ‘ఉబ్బ పోస్తోంది’ అన్నా దాదాపు ఇంతే కదా? ‘ఇరుకు’ జాగాకే సరిపోతుంది. ‘ఊపిరాడటం లేదు’ మరీ ఎక్కువ, పైగా ఆఫీసు టెన్షన్‌కీ అదే వాడేస్తాం. ‘గాలాడని గది’ బాగానే ఉంది గానీ అందులో వాసన లేదు. ‘ముక్కిన వాసన’ అందామంటే నాకు పాత బియ్యమే కళ్లముందుకొస్తాయి.

నా గదిలో మనుషుల్లేరు, చెమటా లేదు. చెమ్మ పట్టిన గోడలు, చుట్టిపెట్టిన చాప, కలరా ఉండలు వేసిన ట్రంకుపెట్టె, అంతే.

శ్రీకాకుళం వైపు గానీ, రాయలసీమలో గానీ దీనికి వేరే మాట ఉందా? నిఘంటువు మాట వద్దండీ, ఇంట్లో పెద్దవాళ్లు అనేదే కావాలి. ఓ వాక్యంలో వాడి చూపిస్తే ఇంకా మేలు. ‘కొడుతోంది’ అంటారో, ‘పోస్తోంది’ అంటారో కూడా తెలుస్తుంది.